మైనం యంత్రానికి పదకొండు తిట్లు

మేస్త్రీ ఎవర్నీ నమ్మడు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. అలా లాగడం వల్లే ఊడొచ్చిందేమోనని మళ్ళీ లాగుతాడు. డాక్టరు మాత్ర రాసిస్తే మందుల షాపువాణ్ణి అడుగుతాడు. అతను మంచిదే అంటే ఇద్దరూ ఒకటేనని తేల్చేస్తాడు. పెళ్ళై ఇరవై ఆరేళ్ళయినా, భార్య ఫోన్లో నవ్వితే పక్క గదిలో టీవీ గొంతు తగ్గించేస్తాడు. ఇంతమందిని అనుమానించే మనిషి, అందరికంటే ఎక్కువ అనుమానించేది తన నోటినే.

దానికి కారణం అన్న కాలు.

తొమ్మిదేళ్ళప్పుడు అన్న తన బొంగరం లాక్కుని ఇవ్వనంటే, ఒళ్ళు మండి, "నీ కాలు విరగ" అన్నాడు. ఏ పిల్లాడైనా అనే మాటే. కానీ ఆ సాయంత్రం అన్న మేడమెట్ల మీద జారి పడ్డాడు. ఎడమ కాలు నిజంగానే విరిగింది. కట్టు కట్టించుకొచ్చాక అమ్మ చిన్నవాడి చెవి మెలిపెట్టి, "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారురా. మంచి మాట అంటే వాళ్ళకి చెవుడు. చెడ్డ మాటంటే మాత్రం పాము చెవులు," అంది.

ఆ రోజుతో తెలుగులో తిట్టడం మానేశాడు. మానేశాడంటే పూర్తిగా. ఎవణ్ణయినా వెధవా అందామనుకుంటే వాడి పెళ్ళానికి ఏమవుతుందోనని భయం. నీ మొహం మండ అందామంటే పొయ్యి దగ్గర ఎవరున్నారోనని భయం. వచ్చిన తిట్టు వచ్చినట్టే మింగేవాడు. మింగినవి ఊరికే పోతాయా? ఇరవై ఏళ్ళు నిండేసరికి ఛాతీలో మంట పట్టుకుంది. గుక్కెడు మంచినీళ్ళు తాగినా పుల్లటి తేన్పులే.

ఆ వయసులోనే దారాల ఫ్యాక్టరీలో చేరాడు. బట్టలు కుట్టే దారం తయారుచేసే చోటు. అక్కడికి వెళ్ళాక తెలిసింది, నోటికి భయపడేది తనొక్కడే కాదని. ఆ హాల్లో "తెగ" అనే మాట ఎవరూ నోట రానివ్వరు. పోగు తెగితే "నిద్రపోయింది" అంటారు. "ఏడో పోగు నిద్రపోయింది, లేపండి" అని కేకలేస్తారు. కొత్తవాడెవడైనా తెలియక "తెగింది" అన్నాడా, హాలు హాలంతా వాడి వైపు తిరిగి చూస్తుంది. ఇంతమంది పిరికివాళ్ళని ఒకే కప్పు కింద చూసి మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది.

మూడేళ్ళకి జర్మనీ నించి మైనం యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి ఒక ఫిట్టరూ వచ్చాడు.

దారానికి నునుపు రావాలంటే వేడి మైనంలోంచి పోనివ్వాలి. ఆ పని చేసే యంత్రం ఇది. ఒక చివర ఇరవై నాలుగు దారం కండెలు, మధ్యలో మైనం తొట్టి, తొట్టి మీద ఆవిరితో కాగే రోలరు, ఆ చివర బ్రష్షులు. నడపడం చూస్తే తేలికే. ఆవిరి వాల్వు తిప్పాలి, ఆగాలి, లివరు దించాలి. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. తొందరపడితే మైనం గడ్డలు గడ్డలుగా పట్టి పోగులన్నీ నిద్రపోతాయి. ఆలస్యం చేస్తే మైనం మాడి, తెల్ల దారం పచ్చకామెర్లు వచ్చినట్టు బయటికి వస్తుంది. పైపుకి మీటరు ఉంది గానీ అది ఆవిరి సంగతి చెబుతుంది, మైనం సంగతి చెప్పదు.

ఆ ఫిట్టరు ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేది కాబట్టి అందరూ ఎర్రముక్కు అన్నారు. ఎర్రముక్కుకి తెలుగు రాదు, మేస్త్రీకి జర్మన్ రాదు. మూడు నెలలు చేతులతోనే మాట్లాడుకున్నారు. ఎర్రముక్కు వాల్వు తిప్పేవాడు, పైపుని అరచేత్తో ఒక్కటి చరిచేవాడు, నడుం మీద చెయ్యేసుకుని యంత్రాన్ని తిట్టడం మొదలుపెట్టేవాడు. ఒకటి కాదు రెండు కాదు, పదకొండు. రోజూ అవే, అదే వరసలో, ఎక్కాలు అప్పజెప్పినట్టు. పదకొండోది అయిపోగానే లివరు దించేవాడు. చలి పొద్దుల్లో మాత్రం పన్నెండోది ఒకటి తగిలించేవాడు.

అవి తిట్లేనని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మొదటిదానికి అర్థమేమిటని మేస్త్రీ చెయ్యి తిప్పి అడిగాడు.

"హిమ్మెల్," అని ఎర్రముక్కు వేలు పైకి చూపించాడు. ఆకాశం.

"ఆర్ష్," అని తన ప్యాంటు వెనక ఫట్టుమని కొట్టుకున్నాడు.

"ఉంట్ త్స్విర్న్," అని కండె మీంచి పోగు లాగి చూపించాడు.

ఆకాశం, పిర్ర, దారం. మేస్త్రీ అతని మొహంలోకి అనుమానంగా చూశాడు. ఇందులో తిట్టెక్కడుంది? రెండోది అడిగాడు. "ఫెర్‌ఫ్లిక్స్ట్ ఉంట్ ట్సూగెనేట్." శాపం పెట్టినట్టు కళ్ళు తిప్పి, సూదీ దారంతో కుట్టేసినట్టు చెయ్యి ఆడించాడు. శాపం పెట్టి కుట్లేశాం, అట. ఎవర్ని కుట్టారో, ఎక్కడ కుట్టారో ఆ పైవాడికే తెలియాలి.

కానీ అంటుంటే ఎంత బాగుంది! మేస్త్రీ ఒకసారి నోరారా అన్నాడు. గొంతులో గులకరాళ్ళు దొర్లాయి, పళ్ళ సందుల్లో రవ్వలు రాలాయి. అనేసి బిక్కుబిక్కుమంటూ కప్పు వైపు చూశాడు. ఏమీ ఊడిపడలేదు. సాయంత్రం ఇంటికి పోగానే అన్న కాళ్ళు చూశాడు. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు తెలిసొచ్చింది. తథాస్తు దేవతలకి జర్మన్ రాదు.

మళ్ళీ పుట్టినట్టయింది మనిషికి. పదకొండూ బట్టీ పట్టాడు. నాలుగోది ఆవిరి పైపుకి, ఆరోది యంత్రం బొమ్మ గీసిన ఇంజనీరుకి, తొమ్మిదోది తనని ఇక్కడికి పంపిన యజమానికి అని ఎర్రముక్కు సైగలతో చెప్పాడు. పన్నెండోది మేనమామకి. పర్సులోంచి మీసాలాయన ఫోటో తీసి చూపించి మరీ తిట్టాడు. తనను ఈ పనిలో పెట్టింది ఆయనేనట. మేనమామని చలి రోజుల్లోనే ఎందుకు తిడతాడో మేస్త్రీకి అంతుబట్టలేదు. ఆయనేదో చలికాలంలోనే అన్యాయం చేసుంటాడనుకున్నాడు. నేర్చుకునేవాడికి ఎందుకని అడిగే పని లేదు, ఎలా చేస్తే అలా చెయ్యాలి. చేశాడు.

ఎర్రముక్కు వెళ్ళిపోయాడు. తర్వాత కండెలు చుట్టే యంత్రంతో ఒక ఇటలీ ఆయన వచ్చాడు. అతని దగ్గర "పోర్కా మిజేరియా" నేర్చుకున్నాడు. పంది దరిద్రం. రంగుల తొట్టి బిగించడానికి వచ్చిన రష్యా ఆయన "చోర్త్ పబెరీ" ఇచ్చి పోయాడు. దయ్యం ఎత్తుకుపోను. ఇది మరీ మన తిట్టులా ఉందని, దేవతలకి ఎక్కడ అర్థమైపోతుందోనని, దాన్ని తలుపులు మూసి ఉన్నప్పుడే వాడేవాడు. ఎవరొచ్చినా స్క్రూడ్రైవరు అందిస్తూ పక్కన నిలబడి, వేలు నలిగేదాకా ఓపిక పట్టేవాడు. వేలు నలిగినప్పుడు వచ్చేదే అసలు సరుకు. ఛాతీలో మంట ఎటు పోయిందో పోయింది.

అలా ముప్ఫై ఏళ్ళు. మైనం యంత్రం మేస్త్రీది, మేస్త్రీ మైనం యంత్రానిది. సెలవు పెట్టిన రోజున అది ఆగిపోయి ఉండేది. వేరేవాళ్ళు ప్రయత్నించి గడ్డలు కట్టించి వదిలేసేవాళ్ళు. "నీ చెయ్యి పడాలి దానికి," అనేవాళ్ళు. ఆయనా అలాగే అనుకున్నాడు.

మొన్న వానాకాలం చివర్లో హెడ్డాఫీసు నించి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ల్యాప్‌టాపు, భుజాన సంచి, సంచిలో ఫోను నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు. ప్రతి యంత్రం దగ్గరా నిలబడి, ఎవరు ఏం చేస్తున్నారో అడుగు అడుగునా ఫైల్లో రాస్తుంది. హాల్లో వాళ్ళు ఫైలమ్మాయి అని పేరు పెట్టేశారు.

"నమస్తే బాబాయ్. మీ పని చూద్దామని వచ్చా."

మొదటి మాటే బాబాయ్ అన్నదంటే ఏదో ఉంది అనుకున్నాడు మేస్త్రీ. "చూడండి మేడమ్. కళ్ళు మీవి."

"మేడమ్ ఏంటి బాబాయ్, మీ అమ్మాయి వయసుదాన్ని."

"నాకు అమ్మాయి లేదు."

అలవాటు ప్రకారం వాల్వు తిప్పాడు, పైపు చరిచాడు, పదకొండూ చదివాడు, లివరు దించాడు. ఇరవై నాలుగు పోగులూ నీళ్ళలా జారుకుంటూ పోయాయి. ఫైలమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు చూశాడు, స్టాండు మీద ఫోను తన వైపే తిరిగి ఉంది.

"అది ఎందుకు?"

"వీడియో బాబాయ్. మళ్ళీ మళ్ళీ అడిగి మిమ్మల్ని విసిగించకుండా."

"మాటలు కూడా పడతాయా అందులో?"

"అన్నీ పడతాయి."

మేస్త్రీ స్టాండుకి వీపు తిప్పాడు. మంచినీళ్ళ కుండీ దగ్గరికి వెళ్ళాడు. కుండీ పైన గోడకి వారం క్రితమే కొత్త కాగితం అంటించారు. పని చోట బూతులు మాట్లాడితే చర్య తీసుకోబడును. ఎవరూ పట్టించుకోలేదు దాన్ని. ఇప్పుడు అందులో ప్రతి అక్షరం తననే చూస్తున్నట్టుంది. ముందు కాగితం అంటించారు, తర్వాత ఫోను పంపించారు. ఏ భాషలో అయితేనేం, బూతు బూతే అంటారు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. అన్న పక్క వీధిలోనే ఉంటాడు, సాయంత్రం టీ ఇక్కడే. కుంటి కాలు స్టూలు మీద పెట్టుకుని అంతా విన్నాడు.

"ఒరేయ్, వాళ్ళు రాసుకునేది నీ పని కాదురా, నిన్ను. రాయడం అయిపోయాక నువ్వెందుకు? పాలు పిండేదాకానే గేదెకి గడ్డి."

"నేను గేదెనా?"

"మాటవరసకిరా. అయినా నువ్వెక్కడ బాగుపడతావు, నా కాలు విరగ్గొట్టిన నోరు నీది."

భార్య టీ గ్లాసులు పెడుతూ, "ఇంట్లో మిక్సీని తిట్టేవి అక్కడ కూడా తిట్టారా? చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ," అంది. "అసలు ఆ ఇటలీది ఎవర్ని తిట్టేది? నన్నా?"

"మిక్సీని."

"మిక్సీని తిట్టేవాళ్ళు నా వైపెందుకు చూస్తారు?"

మేస్త్రీ టీ గ్లాసు అందుకున్నాడు. రేపట్నించి యంత్రం దగ్గర నోరు విప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు. సాక్ష్యం ఒకటే ఉంది, రెండోది దొరకనివ్వకూడదు.

మర్నాడు వాల్వు తిప్పాడు, పైపు చరిచాడు, నోరు మూసుకుని నిలబడ్డాడు. నిలబడ్డం ఎంతసేపో తెలియలేదు. పక్కనే స్టాండు మీద ఫోను. చాలాసేపే ఆగాననుకుని లివరు దించాడు. మైనం బఠాణీల్లా కట్టుకుంది. పదమూడు పోగులు నిద్రపోయాయి. అన్నీ లేపి, తొట్టి గీకి, మళ్ళీ మొదలుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి ఇంకా ఆగాడు. మాడు వాసన వచ్చింది.

మూడో రోజు మనసులో తిట్టుకుని చూశాడు. మనసులో తిట్లకి గొంతు అక్కర్లేదు, ఊపిరి అక్కర్లేదు. పదకొండూ రైలు కిటికీలోంచి స్తంభాల్లా పరుగెత్తాయి. మళ్ళీ గడ్డలే.

ఇక చూడండి ఆయన అనుమానాలు. మొదట మైనం మీద. కల్తీ సరుకు దింపారని డ్రమ్ము మూత తీసి వాసన చూశాడు, గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. తర్వాత కండెలు చుట్టేవాడి మీద. తన యంత్రం మీద వాడికెప్పట్నించో కన్ను. ఆ తర్వాత ఫైలమ్మాయి మీద. ఆమె వచ్చిన రోజునించే కదా ఇదంతా? భోజనాల వేళ అందరూ వెళ్ళాక యంత్రం చుట్టూ సన్న పోగు కట్టి వెళ్ళాడు, ఎవరైనా ముట్టుకుంటే తెలుస్తుందని. తిరిగొచ్చి తనే మర్చిపోయి దాన్ని కాలితో తెంపుకున్నాడు. ఎవరో వచ్చివెళ్ళారని ఓ అరగంట అందరి మొహాలూ చూస్తూ తిరిగి, చివరికి తన చెప్పుకి చుట్టుకున్న పోగు చూసుకున్నాడు.

ఒక్క తన మౌనం మీద మాత్రం అనుమానం రాలేదు. మౌనం ఎప్పుడైనా ఎవరికైనా చెడు చేసిందా?

"బాబాయ్, ఈ మధ్య మీరేం మాట్లాడట్లేదు," అంది ఫైలమ్మాయి.

"మాట్లాడ్డానికి జీతం ఇవ్వట్లేదు నాకు."

"మొదటి రోజు భలే హుషారుగా ఉన్నారు."

అదిగో, కెలుకుతోంది. "ఆ రోజు జ్వరం నాకు," అన్నాడు.

ఎనిమిదో రోజున మేనేజరు పిలిపించాడు. టేబులు మీద కొత్త యంత్రం రంగుల బొమ్మ ఉంది. ఒక్క బటన్ నొక్కితే అన్నీ అదే చూసుకుంటుందట.

"వారం నించి సరిగ్గా ఒక్క కండె రాలేదు మేస్త్రీ. యంత్రం ముసలిదైపోయిందా, నువ్వా?"

"యంత్రం బాగానే ఉంది సార్."

"అయితే ఎల్లుండి పొద్దున నా కళ్ళముందు నడిపించు. నడిస్తే సరే. లేకపోతే దీన్ని పాత ఇనుముకి ఇచ్చేసి కొత్తది తెప్పిస్తా. నిన్ను అట్టపెట్టెల గదిలో వేస్తా. కూర్చుని చేసే పనే."

అట్టపెట్టెల గదిలో కిటికీ లేదు. రోజంతా పెట్టెలకి టేపు అంటించడమే. టేపుని తిట్టినా అది ఏ దేశానిదో కూడా తెలియదు. యాభై మూడేళ్ళ వయసులో, ముప్ఫై ఏళ్ళు నీళ్ళలా పోగులు పారించిన చేతులతో. మేస్త్రీకి ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు. ఛాతీలో మంట మళ్ళీ వచ్చింది, పాత చుట్టంలా చెప్పాపెట్టకుండా.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. మేనేజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఫైలమ్మాయి గోడ పక్కన ఫైలు పట్టుకుని నిలబడింది. మొదటిసారి, గడ్డలు. తొట్టి గీకారు. రెండోసారి, మాడు. కండెలు చుట్టేవాడు ముక్కు మూసుకుని మరీ చూస్తున్నాడు.

మేనేజరు లేచాడు. "చాల్లే మేస్త్రీ. చూశాంగా."

అంతే, అయిపోయింది. అయిపోయాక ఇక దేనికి భయం? మేస్త్రీ ఎవర్నీ అడక్కుండా వాల్వు తిప్పాడు. పైపుని చరిచిన చప్పుడికి హాలంతా ఇటు తిరిగింది. నడుం మీద చెయ్యేసుకుని నోరు విప్పాడు. హిమ్మెల్, ఆర్ష్ ఉంట్ త్స్విర్న్! తొమ్మిది రోజులు నిలవున్న తిట్లు, ఊరగాయలా ఊరి ఉన్నాయి. నాలుగోది పైపుకి, ఆరోది ఆ రంగుల బొమ్మ గీసినవాడికి, తొమ్మిదోది యజమాని బదులు మేనేజరు కళ్ళలోకి సూటిగా. పదోదానికి ఫైలమ్మాయి వైపు తిరిగాడు, పదకొండోదానికి తన వైపు తనే. ఊపిరి తీసుకున్నాడు, లివరు దించాడు.

ఇరవై నాలుగు పోగులు జారాయి. గడ్డ లేదు, మాడు లేదు. బ్రష్షుల్లోంచి తెల్లగా, తడి లేని నీళ్ళలా వస్తూనే ఉన్నాయి. మేస్త్రీ అన్నిటికంటే ముందు కప్పు వైపు చూశాడు, తర్వాత యంత్రం వైపు. దీన్నెవరు బాగుచేశారు? ఎప్పుడు చేశారు?

ఫైలమ్మాయి చేతి గడియారం చూసుకుంటూ, "నలభై ఆరు," అంది. "ఈసారి బాబాయ్ నలభై ఆరు సెకన్లు ఆగారు సార్. పొద్దున మొదటిసారి పదకొండు, తర్వాత డెబ్భై." ఆగి, నెత్తి కొట్టుకుంది. "అయ్యో, తప్పు నాది. మొదటి రోజు వీడియోలో బాబాయ్ తిట్టే ముక్క కోసేశాను. మీరు చూస్తే ఆయన మీద చర్య తీసుకుంటారేమోనని. అందుకే ఫైల్లో వాల్వు తర్వాత వెంటనే లివరు ఉంది. ఆగడం అనేది లేనే లేదు."

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు. కోసేసిందా? ఏ ముక్క బయటపడుతుందని తను నోరు కుట్టుకున్నాడో ఆ ముక్కని ఈ పిల్ల మొదటి రోజే తీసి పారేసిందా? ఎందుకు? ఏం ఆశించి?

మేనేజరు మొహం మాత్రం వెలిగిపోయింది. "అంతేనా! నలభై ఆరు సెకన్లా? దీనికి మేస్త్రీ ఎందుకయ్యా, గోడకి గడియారం పెడితే చాలు! కొత్త యంత్రమూ అక్కర్లేదు. రేపు పొద్దున నువ్వే నడుపమ్మా, చూద్దాం."

అన్న చెప్పిన గేదె కళ్ళముందు కనిపించింది మేస్త్రీకి. నడవకపోతే అట్టపెట్టెలన్నారు. నడిపించి చూపిస్తే మరీ తొందరగా అట్టపెట్టెలు.

రాత్రంతా వాన పడి, పొద్దున చలిగాలి కొట్టింది. లావు దారం కండెలు ఎక్కించి ఉన్నాయి, తోలు కుట్టే రకం. ఫైలమ్మాయి గడియారం చూస్తూ వాల్వు తిప్పింది. సరిగ్గా నలభై ఆరుకి లివరు దించింది. బఠాణీలంత గడ్డలు. పంతొమ్మిది పోగులు నిద్రపోయాయి.

మేనేజరు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఏం చేశావు దీన్ని?"

"నేను ముట్టుకోలేదు సార్. మీ కళ్ళముందే చేతులు కట్టుకుని నిలబడ్డా."

"మరెందుకు పట్టలేదు?"

ఏం చెప్పాలో మేస్త్రీకి ఆ క్షణం దాకా తెలియదు. చెబుతూ చెబుతూ ఉండగానే ముప్ఫై ఏళ్ళ నాటి సంగతి బుర్రకెక్కింది. "చలి కదా సార్. చలి రోజున మేనమామని కూడా తిట్టాలి."

"ఎవరి మేనమామని?"

"జర్మన్ ఫిట్టరు మేనమామని. పన్నెండోది. లావు దారమైతే ఆరోది రెండుసార్లు. మైనం కొత్త డ్రమ్ముదైతే తొమ్మిదోది సాగదీసి అనాలి. ఇవన్నీ నాకూ లెక్కల్లా తెలియవు సార్, నోటికి తెలుసు."

తొట్టి గీకించి, తనే నిలబడి, మేనమామ దాకా తిట్టి చూపించాడు. పోగులు పారాయి. ఫైలమ్మాయి గడియారం చూసింది. అరవై మూడు.

మేనేజరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇన్ని రకాల దారాలకి, ఇన్ని రకాల వాతావరణాలకి అంకెలు ఎవరు రాసిపెడతారు? అలాగని ముసలాణ్ణి నమ్ముకుంటే రేపు అతను రాకపోతే? "సరే. ఈ అమ్మాయికి నేర్పు. అంతా వచ్చేదాకా యంత్రం దగ్గర నువ్వే. వచ్చాక చూద్దాం. ఎన్నాళ్ళు పడుతుంది?"

వచ్చాక చూద్దాం అన్న మాట మేస్త్రీ చెవిలో ముల్లులా దిగింది. ఆ ముల్లునే పట్టుకున్నాడు.

"భాష కదా సార్. పుస్తకమా, ఒక రోజులో చదివెయ్యడానికి? తిట్టుకో ఆర్నెల్లు అనుకోండి."

"పన్నెండు తిట్లకి ఆరేళ్ళా!"

"మేనమామది చలికాలంలోనే నేర్పాలి. ఎండాకాలం నేర్పితే నిలవదు."

మేనేజరు ఫైల్లో సంతకం పెట్టి, మంచినీళ్ళ కుండీ పైన ఉన్న కాగితం వైపు ఒకసారి చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు. మేస్త్రీ వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. యాభై తొమ్మిది వస్తాయి. ఆ తర్వాత అట్టపెట్టెల గదినే రమ్మన్నా తనకే ఓపిక ఉండదు. చాలా రోజుల తర్వాత మొదటిసారిగా ఛాతీ చల్లగా అనిపించింది.

మర్నాడు పాఠం మొదలైంది. హాల్లో ఎవరూ వినకుండా యంత్రం వెనక నిలబడ్డారు.

"గొంతులోంచి రావాలమ్మా, నోట్లోంచి కాదు. పొడి దగ్గు వచ్చినట్టు. అను."

"హిమ్మెల్, ఆర్ష్ ఉంట్ త్స్విర్న్," అంది ఫైలమ్మాయి.

మేస్త్రీ చెవులు రిక్కించాడు. ఎక్కడా వంకరలేదు. "ఇంకోసారి."

ఇంకా బాగా అంది. రెండోది అడిగాడు. మూడోది తనే అందుకుంది. వీడియో కోసేటప్పుడు పదిసార్లు విన్నదట. ఆరోది దాకా ఎక్కడా తడబడలేదు. మేస్త్రీ మొహం పాలిపోయింది. ఆరేళ్ళు అరగంటలో కరిగిపోతున్నాయి కళ్ళముందు.

"నిజం చెప్పు. ఇంతకు ముందు ఎక్కడ తిట్టావు ఇవి?"

"ఎక్కడా లేదు బాబాయ్. మా ఇంట్లో అరే అన్నా ఊరుకోరు. ఇవి అంటుంటే ఒంట్లో ఏదో తేలికైపోతోంది." నవ్వుతూ ఏడోది కూడా అనేసింది. అని, ఆయన మొహం చూసి ఆగింది. తర్వాత ఫైలు తెరిచి పెన్ను తీసింది.

"ఏం రాస్తున్నావు?" అన్నాడు మేస్త్రీ.

"మొదటి తిట్టు, ఇంకా రాలేదు. ఉచ్చారణ కష్టంగా ఉంది. సాధన కొనసాగుతోంది."

"ఎందుకలా రాస్తున్నావు? నీకేంటి లాభం?"

"నాకు ఈ హాలు బాగుంది బాబాయ్. హెడ్డాఫీసులో నోరు మెదపనివ్వరు."

ఆమె ముఖం అంతా వెతికాడు మేస్త్రీ. ఎక్కడా ఏమీ దొరకలేదు. అదే ఆయనకి ఎక్కువ అనుమానం. ఫైలు తన వైపు తిప్పుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆమె రాసినది అక్షరం అక్షరం చదివాడు. అక్కడ సరిగ్గా చెప్పిందే ఉంది.

"తారీఖు వెయ్యలేదు," అన్నాడు.